వాక్కంప

ఇంట్లో ముళ్లచెట్టు పెడితే
మాటామాటా పెరుగుతుందంది మా అత్త.
నవ్వి ఊరుకున్నా.
మా ఇంట్లో మాట పెరగడానికి
ముల్లే కావాలా ఏంది,
మిషను కింద సూది పడితే చాలదూ.

ప్రహరీకి డబ్బుల్లేవు. అదీ అసలు సంగతి.
పొదిలిలో, దర్శి రోడ్డుకి లోపలగా, మూడు సెంట్ల దొడ్డి.
నాటిన కరివేపాకు నాటినట్టే
మేకలు లెక్కచూసుకుని పోతా ఉంటే
మాల్యాద్రి చెప్పాడు:
"గోడెందుకు దస్తగిరీ, వాక్కాయ వెయ్యి.
గోడకి కాయలు కాస్తయ్యా?"

మాగిన పండు పిసికి, గింజ కడిగి,
నీడన ఆరీ ఆరకముందే పాతాలి.
ఆ గింజకి ఓపిక తక్కువ,
దాచిపెడితే అలిగి మొలవదు.
తొలకరికి ముందే గుంటలు తీశా,
మూరకొకటి, టేపు పరిచి, చాకుముక్కతో గుర్తులేసి.
"నేలకి జాకెట్టు కుడతావా?" అని
హుసేనమ్మ గడప మీద కూచుని ఒకటే నవ్వు.

మొదటేడు నాలుగాకులు.
రెండో ఏడు ఆకుకంటే ముందు ముల్లు.
మా ఊరి నీళ్ల సంగతి తెలిసిందే,
ట్యాంకరొచ్చిన రోజే పండగ.
బిందె తొలిచిన నీళ్లు దానికి,
ఇస్త్రీపెట్టెలో చల్లారిన బూడిద దానికి.
ఎక్కువ పోస్తే మాత్రం పడదు,
మొదట్లో నీళ్లు నిలిస్తే మొహం పసుప్పచ్చ చేసుకుంటది.

మూడో ఏడు పూసింది,
మల్లెకి చెల్లెలి వరసయ్యే వాసనతో.
పికిలిపిట్ట ఒకటి నా కొట్టు ముందర దారప్పోగులు ఏరుకుని
గూడు కట్టింది లోపల్లోపల, చెయ్యి పోనిచోట.
ఎర్రదారం ఒకటి, జరీపోగొకటి.
కాయలైపోయాక కంప కత్తిరించాలి, అదీ పద్ధతి.
ఆ ఏడు కాయలైపోయినా
పిట్టపిల్లలు గూడు వదల్లేదు.
మానేశా.
మరుసటేడుకి చింపిరిజుట్టేసుకుని
పొదంతా దారి మీదికి వాలింది.

కంపకి వేరే కత్తి ఉండాది నాకు.
పాత జీన్సుగుడ్డతో నేనే కుట్టుకున్న చేతితొడుగు,
వేలికి అంగుస్తానా.
బట్టకత్తెర మాత్రం వేరు. మా నాయన మాట:
కాయితం కూడా తగలనీబాక,
బట్టకి తప్ప అది నోరు తెరవకూడదు.
ముప్పై ఏళ్లు తెరవలేదు.

శ్రావణమాసం, మిట్టమధ్యాహ్నం.
మాల్యాద్రి మనవరాలు సుప్రజ,
పోయిన నెల్లో ఓణీల ఫంక్షనైన పిల్ల,
నేను పీకో చేసిన చిలకపచ్చ ఓణీ
పొదలో చిక్కుకుని నిలబడి ఉంది.
జంటముళ్లు గదా, ఒకటి వదిలితే ఇంకోటి పట్టుకుంటది.
లాగితే చిరుగు.
లాగకపోతే వాళ్లమ్మ.
ఏడుపు మింగుతా ఉంది గానీ
గుప్పెట్లో కాయలు వదల్లేదు.

మిషను మీంచి లేచినోణ్ణి లేచినట్టే పోయినా.
చేతిలో ఏముందో చూసుకోలేదంటే అబద్ధం.
చూసుకున్నా.
చిరిగిన బట్ట మళ్లీ మొలవదు,
ఎంత రఫ్ఫు చేసినా
చేసినోడి కంటికి కనపడతానే ఉంటది.
కొమ్మదేముంది
అనుకుంటానే కోశా.

కత్తెర మీద తెల్లగా పాలు.
నాలుగుచోట్ల కోస్తే
పోగు లేవకుండా ఊడొచ్చింది ఓణీ.
"తాతా, మా అమ్మకి చెప్పబాక."
"నువ్వు మా నాయనకి చెప్పబాక."
అర్థంగాక నవ్వి, పరిగెత్తింది.

కోసినచోట వారానికే చిగుళ్లు,
ఒక్కోదానికి మూడేసి.
పాలు మాత్రం కత్తెర మీద నల్లగా గడ్డకట్టింది.
కిరసనాయిలుకి పోలేదు, గీకినా పోలేదు.
పాలిస్టరైతే పర్లేదు,
పట్టుగుడ్డ దగ్గరికొచ్చేసరికి నములుతా ఉంది.

సానపట్టే అతను సైకిలు స్టాండేసి
కత్తెర ఎండకెత్తి చూశాడు.
"ఏం కోశావు సాయిబూ దీంతో?"
"కంప."
నాలిక చప్పరించాడు.
మామూలుకంటే పదిరూపాయలెక్కువ అన్నాడు. ఇచ్చా.
పోతా పోతా దడి దగ్గర ఆగి
చొక్కాజేబు నిండా కాయలు కోసుకున్నాడు,
వేలికి ముల్లు దిగినప్పుడల్లా
నన్ను తిట్టుకుంటా.